బొట్టు బొట్టు పెట్రోలు: లోపం ఎక్కడ?

ఇంజను ఆపి ఉంది. అయినా కార్బ్యురేటరు నుంచి పెట్రోలు బొట్టు బొట్టుగా కారుతోంది. దానికి చిల్లు పడిందా? కొత్తది కొనవలసిందేనా? తొందరపడకండి! మీరు బడిలో చదువుకున్న ఆర్కిమెడిస్ సూత్రమే ఈ లోపాన్ని పట్టి ఇస్తుంది.

ఉదాహరణకు, అమెరికాలో పెరళ్లలో గడ్డి కోయడానికి, నేల దున్నడానికి వాడే తోట ట్రాక్టరును తీసుకుందాం. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1961లో విడుదల చేసిన ‘కబ్ కేడెట్’ అటువంటిదే. దానిలో 7 అశ్వసామర్థ్యం గల, ఒకే సిలిండరు ఉన్న కోలర్ ఇంజను ఉండేది. పాత తోట ట్రాక్టర్లలో చాలావాటికి పెట్రోలు టాంకు కార్బ్యురేటరు కంటే ఎత్తులో ఉంటుంది. పంపు అక్కరలేదు, భూమ్యాకర్షణ వల్ల పెట్రోలు తనంత తానే కిందికి దిగుతుంది. మరి దాన్ని ఆపేదెవరు?

కాపలా కాసే ఫ్లోటు

డాబా మీది నీళ్ల టాంకులో తేలే బంతిని చూశారు కదా! నీరు నిండగానే బంతి పైకి లేచి కుళాయిని మూసివేస్తుంది. కార్బ్యురేటరు అడుగున ఉన్న గిన్నెలోనూ ఇదే ఏర్పాటు. పల్చని ఇత్తడి రేకుతో చేసిన బోలు ఫ్లోటు పెట్రోలుపై తేలుతూ, ఒక సూదిని పైకి నెట్టి పెట్రోలు వచ్చే రంధ్రాన్ని మూస్తుంది.

ఫ్లోటు బరువు 15 గ్రాములు అనుకుందాం. నీటిలో తేలాలంటే అది 15 ఘన సెంటీమీటర్ల మేర మునగాలి. పెట్రోలు సాంద్రత సుమారు 0.75 కనుక, పెట్రోలులో 20 ఘన సెంటీమీటర్లు మునగాలి. సన్నని చిల్లు పడి, లోపలికి 3 గ్రాముల పెట్రోలు చేరిందనుకోండి. ఇప్పుడు 24 ఘన సెంటీమీటర్లు మునిగితే గాని తేలదు! అంటే గిన్నెలో పెట్రోలు మట్టం ఇంకా పెరగాలి. సూది మూసుకోకముందే పెట్రోలు పొంగి, గాలి గొట్టంలోకి పొర్లిపోతుంది.

ఎక్కడ కారుతోంది?

ముందుగా గిన్నె బయటివైపు పొడిగుడ్డతో తుడిచి చూడాలి. గిన్నె అతుకు దగ్గరే తడి కనిపిస్తే ప్యాకింగు పాడైనట్లు. గాలి వచ్చే మూతి నుంచి కారుతుంటే గిన్నె పొంగుతున్నట్లు. అప్పుడు కారణాలు నాలుగు: సూది కింద నలుసు ఇరుక్కోవడం, సూది మొన అరిగిపోవడం, ఫ్లోటుకు చిల్లు పడటం, ఫ్లోటును అమర్చిన ఎత్తు తప్పడం.

ఫ్లోటును తీసి చెవి దగ్గర ఊపితే లోపలి పెట్రోలు చప్పుడు చేస్తుంది. చిల్లు మరీ సన్ననిదైతే, వేరేచోట కాచి తెచ్చిన వేడినీళ్లలో ముంచుతారు. లోపలి గాలి వ్యాకోచించి, చిల్లు ఉన్నచోట బుడగలుగా బయటికి వస్తుంది. ఇంకా పాత యంత్రాల్లో లక్క పూసిన బెండు ఫ్లోట్లు ఉండేవి. ఆల్కహాలులో లక్క కరుగుతుంది కనుక, ఇథనాలు కలిపిన నేటి పెట్రోలు వాటికి పనికిరాదు.

చిన్న బొట్టు, పెద్ద ముప్పు

పొంగిన పెట్రోలంతా బయటికే రాదు. కొంత సిలిండరులోకి వెళ్లి, పిస్టన్ రింగుల సందుల్లోంచి అడుగున ఉన్న ఇంజను నూనెలో కలుస్తుంది. పలచబడిన నూనె ఇంజను భాగాలను అరగకుండా కాపాడలేదు. నూనె మట్టం కారణం లేకుండా పెరిగినా, నూనె పెట్రోలు వాసన కొట్టినా ఇంజను నడపరాదు. లోపం సరిచేసి, నూనె మార్చిన తరువాతే నడపాలి.

ఇక నిప్పు సంగతి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. నేలమీదుగా పాకి దూరాన ఉన్న దీపాన్నో పొయ్యినో అందుకోగలదు. అందుకే కారడం కనిపించగానే టాంకు కుళాయి కట్టివేయాలి. బండిని మూసిన గదిలో ఉంచరాదు. విప్పే పని మీరు చేయకండి. మెకానిక్కు విప్పుతుంటే పక్కన నిలబడి చూడండి.

2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-6 నిబంధనలు అమలులోకి వచ్చాక, మన కొత్త మోటారు సైకిళ్లలో దాదాపు అన్నింటికీ కార్బ్యురేటరు స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అంతకుముందు కొన్న బండి మీ ఇంట్లో ఉంటే అందులో ఫ్లోటు ఉండవచ్చు.

మీరే చేసి చూడండి

చిన్న మందుసీసాలో కొంచెం ఇసుక పోసి, నిలువుగా తేలేటట్లు చేసి మూత బిగించండి. దాన్ని ముందు నీళ్లలో, తరువాత వేరుశనగ నూనెలో తేల్చండి. ఎందులో ఎక్కువ మునిగింది? ఎందుకు? ఇసుక మరికాస్త పోస్తే ఏమవుతుంది? జవాబు దొరికితే, కార్బ్యురేటరు ఎందుకు పొంగుతుందో మీకు తెలిసినట్లే!