పొలం రైతుది, దారి అందరిది

చలికాలం సెలవుల్లో ఇంగ్లండు పల్లెలకు నడక కోసమే వెళ్లేవారున్నారు. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగింటికే పొద్దుగూకుతుంది. అందుకే ఉదయాన్నే బయలుదేరి, తీరిగ్గా నడిచి, చీకటి పడేలోగా ఊరు చేరుకుంటారు.

మనకు వింతగా తోచే సంగతి ఒకటుంది. చాలాచోట్ల కాలిబాట రైతు పొలం మధ్యనుంచే పోతుంది. పొలం రైతుదే, ఆ బాట మీద నడిచే హక్కు మాత్రం అందరిదీ! పసుపుపచ్చ బాణం గుర్తు దారి చూపుతుంది. గొర్రెలు దాటకుండా, మనుషులు దాటేలా కంచెలకు మెట్లు కడతారు.

కొండల మీద నడిచే స్వేచ్ఛ మాత్రం తేలిగ్గా రాలేదు. చాలా కొండల్ని భూస్వాములు తమ వేట కోసం మూసి ఉంచేవారు. 1932 ఏప్రిల్ 24న, 20 ఏళ్ల బెన్నీ రాత్‌మన్ ముందు నడవగా, వందల మంది కిండర్ స్కౌట్ కొండ ఎక్కారు. ఐదుగురికి జైలుశిక్ష పడింది. 1949లో చట్టం వచ్చింది. 1951లో ఆ కొండ ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ బ్రిటన్‌లో మొదటి జాతీయ ఉద్యానవనం అయింది.

హక్కుతోపాటు బాధ్యతా ఉంది. మూసి ఉన్న గేటును తెరిస్తే మళ్లీ మూయాలి, పైరు తొక్కకూడదు. బదిలీలతో ఊళ్లు మారే మనమూ ఇలాగే చేద్దాం. కొత్త ఊరిని ముందు కాలినడకన చూద్దాం.