స్టోరేజ్ నిండిందని పాత ఫొటోలు చెరిపేయకండి

ముత్తుకూరు నుంచి ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు దాకా నెల్లూరు తీరంలో ఎటు చూసినా రొయ్యల చెరువులే. ఇక్కడి రైతు ఫోన్ తెరిస్తే చెక్ ట్రేలో మేత ఎంత మిగిలిందో చూపే ఫొటో, ల్యాబ్ ఇచ్చిన నీటి పరీక్ష రిపోర్టు, సీడ్ తెచ్చిన హేచరీ బిల్లు, పట్టుబడి రోజు కౌంటూ రేటూ రాసిచ్చిన చీటీ, వాటి మధ్యలో మనవరాలి అన్నప్రాశన. బ్యాకప్ పెట్టుకుంటే ఇవన్నీ గూగుల్ ఖాతాలోకి చేరుతుంటాయి. ఒకనాడు స్టోరేజ్ నిండిందని మెసేజ్ వస్తుంది. కంగారులో చేతికందింది చెరిపేస్తారు. నష్టం జరిగేది అక్కడే.

గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి అంతే. 2024 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా ఇందులోకే వచ్చి పడింది. చోటు నిండితే కొత్త ఫొటోలు ఎక్కకపోవడంతో పోదు, జీమెయిల్‌కు మెయిళ్లు రావడం కూడా ఆగిపోవచ్చు.

చాలామంది పడే పొరపాటు ఒకటుంది. ‘క్లౌడ్‌లో ఎలాగూ ఉంది కదా’ అని గూగుల్ ఫొటోస్ యాప్‌లో ఫొటో డిలీట్ చేస్తారు. బ్యాకప్ అయిన ఫొటోను అలా తీసేస్తే ఫోన్‌లోదీ పోతుంది, క్లౌడ్‌లోదీ పోతుంది. ఫోన్‌లో మాత్రమే జాగా కావాలంటే అదే యాప్‌లో ‘ఫ్రీ అప్ స్పేస్’ అనే ఆప్షన్ ఉంది. అది బ్యాకప్ అయిన వాటిని ఫోన్ నుంచి మాత్రమే తీస్తుంది.

ఇంకో సంగతి నాకు మరీ బాధ కలిగిస్తుంది. జాగా కోసం అందరూ ముందు పాత ఫొటోల మీదే పడతారు. కానీ 2021 జూన్ 1కి ముందు ‘హై క్వాలిటీ’ పద్ధతిలో ఎక్కిన ఫొటోలు ఈ 15 జీబీ లెక్కలోకి రావు. వాటిని వేలకొద్దీ చెరిపినా ఒక్క ఎంబీ కూడా మిగలదు. పోయిన అమ్మానాన్నల ఫొటోలు ఊరికే పోగొట్టుకున్నట్టవుతుంది. ‘ఒరిజినల్’ సైజులో ఎక్కినవైతే మాత్రం లెక్కలోకి వస్తాయి.

మరి చోటు మింగుతున్నదేది? ఎక్కువగా వీడియోలే. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిస్తే ఏ గ్రూపు ఎంత తింటోందో పెద్దవాటి నుంచి వరసగా కనిపిస్తుంది. గుడ్ మార్నింగ్ వీడియోలు, పదిసార్లు ఫార్వర్డ్ అయినవి అక్కడే తీసేయండి. బ్యాకప్‌లో వీడియోలు వద్దని పెట్టుకోండి. తర్వాత బ్యాకప్ చేస్తే పాతదాని స్థానంలో చిన్నది వస్తుంది. డ్రైవ్‌లోనూ సైజును బట్టి పేర్చుకుని పెద్దవాటితో మొదలుపెట్టండి. ఇతరులు మీకు షేర్ చేసిన ఫైళ్లు తీసినా మీకు జాగా రాదు, అవి వాళ్ల లెక్కలోనివి.

డిలీట్ చేసినా అంకె తగ్గలేదంటే ట్రాష్ చూడండి. డ్రైవ్, జీమెయిల్‌లో తీసేసినవి 30 రోజులు ట్రాష్‌లో ఉంటాయి, అన్నాళ్లూ చోటు తింటూనే ఉంటాయి. బ్యాకప్ అయిన ఫొటోలైతే ట్రాష్‌లో 60 రోజులుంటాయి. పొరపాటున పోయినవి ఆ గడువులోగా వెనక్కి తెచ్చుకోవచ్చు. ట్రాష్ ఖాళీ చేశాక మాత్రం దారి లేదు. అందుకే ఖాళీ చేసేముందు ఒకసారి పై నుంచి కింది దాకా చూడండి.

పాస్‌బుక్, లీజు కాగితం, చెరువు రిజిస్ట్రేషన్ లాంటివి డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లోనో పిల్లల ఖాతాలోనో ఉంచండి. 2021 నవంబర్‌లో పెన్నకు వరదొచ్చి ఊళ్లు మునిగిన జిల్లా మనది. బీరువా ఒక్కటే నమ్ముకుంటే చాలదు.

ఇంట్లో పెద్దవాళ్ల పాత జీమెయిల్ ఖాతా ఏదైనా వాడకుండా పడి ఉంటే ఈ వారమే తెరవండి. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను, అందులోని ఫొటోలతో సహా, తొలగించే నిబంధనను గూగుల్ 2023 డిసెంబర్ నుంచి అమలు చేస్తోంది.