పదుగురు వ్రాయు లేజరు గ్రంథము



కర్త యొక్కడు కాని గ్రంథమును గూర్చి నేడు మనవి చేయుదును. అందు చదువువారే వ్రాయువారు, వ్రాయువారే దిద్దువారు. దానికి వికీ యని పేరు. హవాయి ద్వీపముల భాషలో ఆ మాటకు శీఘ్రమని యర్థము. 1995లో అమెరికాలో వార్డ్ కనింగ్‌హామ్ అను నాతడు ఈ పద్ధతిని నెలకొల్పెను. కంప్యూటరులోగాని, సెల్‌ఫోనులోగాని పుటను తెఱచి, తప్పు కన్పట్టినవాడు అప్పుడే దానిని దిద్దవచ్చును.

ఇట్టి పద్ధతి యేల? కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు తెలుగున విజ్ఞానసర్వస్వమును తలపెట్టి, మూడు సంపుటములు వెలువరించి, 1923లో స్వర్గస్థులైరి. పిమ్మట కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని చేపట్టిరి. 1938లో వారును గతించిరి. ఎంతటి కార్యమైనను ఒక్కరి భుజములపై నున్నచో వారి యాయువే దానికి గడువు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా యన్ననో, అనేకుల చేతులమీదుగా పెరుగుచున్నది.

ఈ తీరున మన ప్రాంతమునకు లేజరును గూర్చిన గ్రంథ మొకటి కావలెనని నా యభిప్రాయము. గాజువాక ఉక్కు కర్మాగారమునకును, ఆటోనగరు కర్మశాలలకును నెలవు. 1917లో ఐన్‌స్టీన్ ఊహించిన సూత్రమును బట్టి 1960లో మైమన్ మొదటి లేజరును వెలిగించెను. ఒకే రంగు, ఒకే దిక్కు, ఒకే నడక గల వెలుగది. నేడది ఉక్కురేకులను కోయుచున్నది. చిన్న యంత్రములు కొని కొయ్యపై పేర్లు చెక్కుచు వినోదించు యువకులును కలరు.

అయితే ఈ వినోదములో కన్ను పణముగా నున్నది. ఇనుమును కోయు ఫైబరు లేజరు కిరణము మనకు కనబడదు. కనబడదు గనుక ఱెప్ప వాలదు. కంటిలోని కటకము దానిని ఒక్క బిందువునకు కూర్చి లోపలి నేత్రపటలమును కాల్చును. అచ్చట నొప్పి తెలియదు. కాలినది మరల మొలవదు. ఆకుపచ్చ కిరణమునకు చేసిన అద్దములు ఈ కిరణము నాపునను నమ్మకము లేదు. ఏ తరంగమునకు చేసినవో అద్దములపై చదివి ధరింపవలెను. పి.వి.సి. రేకును లేజరుతో కోసినచో ఘాటైన ఆమ్లవాయువు వెలువడి ఊపిరితిత్తులకు హాని చేయును.

ఇట్టి విషయములో ఎవడో యొకడు ఒక్క అంకె తప్పు వ్రాసిన గతి యేమి? పదిమందిలో పాము చావదని సామెత గదా యని మీ రడుగవచ్చును. ఎవరు కొట్టిరో, ఎవరు ఊరకుండిరో తెలియనిచోట ఆ సామెత నిజము. వికీలో అట్లు కాదు. కరణముగారి లెక్కలో కొట్టివేసిన అంకె క్రింద కనబడునట్లు, ప్రతి పుటకును చరిత్ర యుండును. ఏ మాట యెవరు, ఎన్నడు మార్చిరో అందు తెలియును. చెడిన పుటను పూర్వరూపమునకు తేవచ్చును. ప్రక్కనే చర్చించుటకు వేఱొక పుట యుండును. అది మన రచ్చబండ వంటిది. ముఖ్యమైన పుటలకు తాళము వేయుటకును వీలు కలదు.

కావున మూడు నియమములు చాలునని తోచుచున్నది. ఆధారము చూపని అంకె నిలువరాదు. వినికిడి మాట వ్రాయరాదు. కన్నులను, ఊపిరిని గూర్చిన పుట, తెలిసినవా రిద్దరు చూచిన పిమ్మటనే మారవలెను.

పెద్దలకు ఇందేమి పని యందురా? కొలిమి, సాన, పదును, అతుకు అను మాటలు మీ నోట నున్నవి. యంత్రముకడ నిలుచు కుఱ్ఱవానికి ఇంగ్లీషు హెచ్చరిక కంటె ఆ మాటలే త్వరగా తెలియును. మీ మనుమడు వ్రాసిన పుటను మీకు చదివి వినిపింపుమనుడు. మీకు బోధపడని వాక్యమును అతనిచే తిరిగి వ్రాయింపుడు. ఆ వాక్య మెవని కంటినో కాపాడవచ్చును.