వానపామును తినే పరాయి పురుగు

తొలకరి పడ్డాక నాగలి చాలులో వానపాములు కనబడితే ఆ నేల సత్తువ గలదని మన పెద్దలు చెబుతారు. తెలంగాణలో వీటినే ఎర్రలంటారు. కూలి అడగకుండా నేలను గుల్లచేసి, ఆకూ అలమును ఎరువుగా మార్చే జీవి ఇది. మరి దీన్నే తిని బతికే పురుగు పొలంలో దిగితే? ఉత్తర ఐర్లండ్, స్కాట్లండ్ రైతులకు ఈ కష్టం అనుభవమే.

దాని పేరు న్యూజిలాండ్ బల్లపరుపు పురుగు. శాస్త్రజ్ఞులు ఆర్థర్‌డెండియస్ ట్రయాంగ్యులేటస్ అంటారు. పుట్టిల్లు న్యూజిలాండ్ దక్షిణ దీవి. జానెడు లోపు పొడవు. వీపు ముదురు గోధుమ రంగు, అంచులూ పొట్టా లేత రంగు, ఒళ్లంతా జిగురు. పగలు రాళ్ల కింద చుట్టుకుని పడుంటుంది. దీని నోరు తలలో లేదు, పొట్ట మధ్యన ఉంది! వానపామును చుట్టేసి, ఆ నోట్లోంచి గొట్టం బయటకు చాచి, జీర్ణరసం వదిలి, కరిగిన మాంసాన్ని పీల్చేస్తుంది. తిండి దొరక్కపోతే చస్తుందా అంటే అదీ లేదు. తన ఒంటినే కరిగించుకుని, కుంచించుకుపోయి, నెలల తరబడి కాచుకుంటుంది.

సముద్రాలు దాటి ఇదెలా వచ్చింది? పాక్కుంటూ రాలేదు. కుండీ మొక్కల మట్టిలో దాగి వచ్చింది. 1963లో బెల్‌ఫాస్ట్‌లో, 1965లో ఎడిన్‌బరోలో బయటపడింది. అలంకారపు మొక్కలు అమ్ముకున్నది ఒకరు, నష్టం మోసేది పశువుల మేతకు గడ్డి పెంచుకునే రైతు. ఉత్తర ఐర్లండ్ గడ్డి నేలలో జరిగిన పరిశోధన 2013లో అచ్చయింది. ఈ పురుగు వల్ల వానపాముల మొత్తం బరువు 20 శాతం తగ్గిందనీ, నిలువు బొరియలు తవ్వే పెద్ద రకమైతే 75 శాతం పడిపోయిందనీ అందులో తేలింది. ఆ బొరియలే కదా వాన నీరు నేలలోకి దిగే దారులు! అవి లేకపోతే నీరు ఇంకదు, నేల గట్టిపడుతుంది.

పొలమంతా చల్లి దీన్ని చంపే మందు లేదు. రాళ్ల కిందా, పట్టాల కిందా వెతికి ఏరేయడమే. ఐరోపా సమాఖ్య దీన్ని నిషేధిత పరాయి జీవుల జాబితాలో చేర్చింది 2019లో. అంటే బెల్‌ఫాస్ట్‌లో కనబడిన 56 ఏళ్లకు!

ఇది చల్లని తడి నేలల పురుగు, వేడికి ఓర్వలేదు. కనుక మన చేలమీద ఇదే వచ్చి పడుతుందని భయపడనక్కర్లేదు. కాని మొక్క వెంట మట్టి, మట్టి వెంట పురుగు ఊళ్లు దాటుతాయన్న మాట ఎక్కడైనా నిజమే. అంటు మొక్క తెచ్చినప్పుడు వేళ్ల మట్టీ, కుండీ అడుగూ తిప్పి చూడండి. తెలియని పురుగు కనబడితే చేనులో పారేయకండి, నలుగురికీ చూపించండి.