మస్జిద్ దీపంపై ఫ్రెంచి సంతకం

మమ్లూక్ సుల్తానుల కాలంలో (1250–1517) ఈజిప్టు, సిరియా దేశాల మస్జిదులలోను, మద్రసాలలోను గాజు దీపాలను గొలుసులతో వ్రేలాడదీసేవారు. పైకి విచ్చుకొన్న మెడ, ఉబ్బెత్తు బొజ్జ, పొట్టి పాదం గల ఈ దీపాలు చాలావరకు 30 నుండి 40 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి. వాటిపై బంగారు పూత, రంగురంగుల మీనాకారీ, పెద్ద పెద్ద అరబీ అక్షరాలు కనిపిస్తాయి. మెడ చుట్టూ తరచుగా నూర్ సూరాలోని 35వ ఆయత్ నుండి కొంత భాగం వ్రాయబడి ఉంటుంది. అల్లాహ్ జ్యోతిని గాజులోని దీపంతో పోల్చిన ఆయత్ అది. బొజ్జపై దీపాన్ని చేయించిన సుల్తాను లేక అమీరు పేరు, బిరుదులు ఉంటాయి.

ఇటువంటి దీపం ఎదురైనప్పుడు అరబీ తెలిసినవారు మొట్టమొదట ఆ పేరునే చదువుతారు. పేరు 14వ శతాబ్దపు సుల్తానుది గనుక దీపం కూడా ఆ శతాబ్దానిదే అని నిర్ణయిస్తారు. పొరపాటు ఇక్కడే జరుగుతుంది. అదే ఆకారం, అదే ఆయత్, అదే సుల్తాను పేరు గల దీపాలు 19వ శతాబ్దంలో పారిస్ నగరంలో కూడా తయారయ్యాయి. బొజ్జ మీది లేఖనం సాధారణంగా చేయించినవారిని గురించి చెబుతుందే గాని చేసినవారిని గురించి చెప్పదు. మమ్లూక్ గాజు పనివారు తమ పేరు వ్రాసుకోవడం చాలా అరుదు. న్యూయార్కులోని మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉన్న అమీర్ ఖౌసూన్ దీపం అటువంటి అరుదైన వాటిలో ఒకటి. దాని మీద పనివాని పేరు కూడా ఉన్నది.

పారిస్‌లో పునర్జన్మ

15వ శతాబ్దంలో ఈ కళ క్షీణించింది. 19వ శతాబ్దంలో ఐరోపా సంపన్నులు కైరో దీపాలను విరివిగా సేకరించసాగారు. వాటి తయారీ రహస్యం కనుగొనాలని పూనుకొన్న వారిలో ముఖ్యుడు ఫిలిప్ జోసెఫ్ బ్రోకార్. అతడు పాత దీపాలను శ్రద్ధగా పరిశీలించి, గాజుపై మీనాను, బంగారాన్ని కొలిమిలో కాల్చి అతికించే పద్ధతిని తిరిగి సాధించాడు. 1867లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో తన పనిని ప్రదర్శించాడు. 1896లో మరణించాడు. ఇంబెర్తోన్ అనే మరొక ఫ్రెంచి పనివాడు కూడా ఇదే మార్గంలో నడిచాడు. నాన్సీ నగరానికి చెందిన ఎమిల్ గాలె (1846–1904) తన తొలి మీనా పనిలో ఇస్లామీ అలంకరణను ఆదర్శంగా తీసుకొన్నాడు.

గమనించవలసిన విషయమేమంటే, బ్రోకార్ తన పేరును దాచలేదు. దీపం పాదం వద్దనో, అడుగుననో మీనా రంగుతోనే తన పేరు, పారిస్ అనే మాట వ్రాసేవాడు; కొన్నింటిపై సంవత్సరం కూడా వేసేవాడు. కుమారునితో కలిసి పని చేసిన తరువాతి కాలపు వస్తువులపై “బ్రోకార్ మరియు కుమారుడు” అనే అర్థం గల ఫ్రెంచి ముద్ర ఉంటుంది. కనుక దీపాన్ని చేతికి తీసుకొన్నవారు బొజ్జ మీది అరబీతో ఆగిపోక, క్రిందనున్న లాటిన్ అక్షరాలకై వెదకాలి.

ముద్రలు చెప్పే కాలం

ఇతర ఫ్రెంచి గాజు వస్తువుల ముద్రలు కూడా కాలాన్ని సూచిస్తాయి. గాలె పేరు ప్రక్కన చిన్న నక్షత్రం ఉంటే, అది అతడు 1904లో మరణించిన తరువాత కర్మాగారంలో తయారైన వస్తువు. దోమ్ సంస్థ వారు తమ పేరుతోపాటు నాన్సీ అనే మాటను, రెండు అడ్డుగీతల లొరేన్ శిలువను వేసేవారు. రెనె లాలిక్ 1945లో మరణించాడు. అతని పేరుకు ముందు ‘ఆర్’ అనే అక్షరం ఉన్న ముద్ర సాధారణంగా అంతకు ముందరి వస్తువులది. దిగుమతి వస్తువులపై దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది. అందువలన “ఫ్రాన్స్” అనే మాట ఉన్న వస్తువు చాలావరకు 1891 తరువాతిదే. అయితే ఆ మాట లేనంత మాత్రాన వస్తువు అంతకంటె పాతది కానక్కరలేదు.

ముద్రను కూడా పరీక్షించాలి

ముద్రను చేర్చవచ్చు, చెరిపివేయవచ్చు. ఇటీవలి దశాబ్దాలలో రుమేనియాలో గాలె శైలి గాజు విరివిగా తయారైంది. వాటిపై గాలె పేరు ప్రక్కన “టిప్” అనే రుమేనియా మాట ఉంటుంది. “ఆ తరహా” అని దాని భావం. కొందరు అమ్మకందారులు ఆ మూడక్షరాలను అరగదీసి, అసలు గాలె వస్తువుగా అమ్ముతారు. బ్రోకార్ సంతకాన్ని అరగదీసినవాడు కూడా ఇదే విధంగా అతని దీపాన్ని మమ్లూక్ దీపంగా అమ్మజూపగలడు.

కనుక సంతకం ఉండదగిన చోట గాజును వెలుతురులో ఏటవాలుగా త్రిప్పి చూడాలి. అరగదీసిన చోట మెరుపు మందగించి, కొద్దిగా పల్లంగా కనిపిస్తుంది. సంతకం ఉంటే భూతద్దంతో చూడాలి. వాడుకలో పడిన పాత గీతలు సంతకం మీదుగా సాగాలి. సంతకమే గీతలను కోసుకొంటూ పోతే అది తరువాత చెక్కినది. కొలిమిలో కాలిన మీనా గాజుతో ఏకమై ఉంటుంది; పైపైన పూసిన రంగు గోటికి ఊడివస్తుంది. ఆపైన గాజును చూడాలి. మమ్లూక్ గాజులో లేత గోధుమ లేక పసుపు ఛాయ, బుడగలు, ఎగుడుదిగుళ్ళు సామాన్యం. పారిస్ గాజు అంతకంటె స్వచ్ఛంగా, సమంగా ఉంటుంది. ఈ గుర్తులలో ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు; అన్నీ ఒకే మాట చెప్పినప్పుడే నిర్ణయానికి రావాలి.

అమ్మే వస్తువులోని లోపాన్ని కప్పిపుచ్చడాన్ని ఫిఖ్హ్ పండితులు తద్లీస్ అన్నారు. మోసపోయిన కొనుగోలుదారునికి బేరం రద్దు చేసుకొనే హక్కు ఉన్నదని పేర్కొన్నారు. బ్రోకార్ మమ్లూక్ పనివారి దీపాన్ని చూసి నేర్చుకొన్నాడు, తాను చేసినదానిపై తన పేరు వ్రాసుకొన్నాడు. అందులో తద్లీస్ లేదు. ఆ పేరును అరగదీసినవాని పని మాత్రం అదే. నష్టం కొన్నవానికి మాత్రమే పరిమితం కాదు. ఆ దీపం ఒక సంగ్రహాలయానికి చేరి, దాని ఆధారంగా మమ్లూక్ కళను గురించి ఎవరైనా వ్రాస్తే, పారిస్‌లో చేసిన పని కైరో చరిత్రలో చేరిపోతుంది.