కువైటు నేలలోని పాతకాలము



కడప సీమలో, అందును రాజంపేట, రాయచోటి, కోడూరు ప్రాంతములలో, కువైటు పేరు వినని యిల్లు లేదు. ఒక యింట కొడుకు, ఒక యింట కూతురు, మరియొక యింట భార్యాభర్త లిరువురును అచ్చట నుందురు. ఇరువదవ నంబరు వీసా యనగా ఇంటిపని యనియు, పదునెనిమిదవ నంబరు వీసా యనగా కంపెనీపని యనియు బడి మెట్లెక్కని ముసలమ్మయు చెప్పగలదు. దీనారు నేడెంత పలుకుచున్నదో బజారులో నెవరి నడిగినను తెలియును. ఇంత తెలిసియు, ఆ దేశమునకు ఒక పురాతన చరిత్ర కలదని మాత్రము మనలో పెక్కురకు తెలియదు. ఇసుక, నూనెబావులు, మేడలు. వీనికి మించి అచ్చట నేమున్నదని మన తలంపు. నేను బంధువులను చూడబోయినపు డొక మార్గదర్శకుని వెంట కొన్ని ప్రాచీనస్థలములు దర్శించితిని. ఆ వరుసలోనే మీకును చూపెదను.

ముందుగా నీటి మాట. కడపవాడు ఏ దేశమున కాలు పెట్టినను మొదట నడుగునది అదియే గదా! మనకు సంవత్సరమునకు సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురియును; దానికే మనము కరవుసీమ యని పేరు పెట్టుకొంటిమి. కువైటున కురియునది అందులో ఆరవ పాలు. నది యొక్కటియు లేదు. 1950 దశాబ్దమున సముద్రజలమును కాచి మంచినీరుగా మార్చు పెద్ద యంత్రాగారములు వెలయునంతవరకు, త్రాగునీరు బసరా కడనున్న షత్-అల్-అరబ్ నదినుండి ఓడలపై వచ్చుచుండెను. ఆ నీటిని తోలుతిత్తులలో నింపి, గాడిదలపై వేసి, వీధివీధిని అమ్మెడివారు.

నీరే సముద్రముమీద రావలసిన ఊరిలో తక్కిన వస్తువుల మాట చెప్పనేల? కలపయు, బియ్యమును, బట్టయు అట్లే వచ్చినవి. కావున ఆ ప్రజలు ఓడవారైరి. బసరా ఖర్జూరపుపండ్లను మన పడమటి తీరమునకు తెచ్చి, మలబారు టేకును కొనిపోయెడివారు. వారి ఓడలు కట్టినదియు ఆ టేకుతోనే. 1937లో కట్టిన అల్-ముహల్లబ్ అను నట్టి యోడ నొకదానిని జాతీయ ప్రదర్శనశాల ముంగిట నిలిపియుండిరి. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సైన్యము దేశము నాక్రమించెను. ఆ కాలమున ప్రదర్శనశాలలోని వస్తువులను బాగ్దాదునకు తరలించి, భవనములకు నిప్పుపెట్టిరి. ఓడయు దగ్ధమయ్యెను. వస్తువులలో పెక్కు 1991లో తిరిగి వచ్చినవి గనుకనే నేడు మనము వానిని చూడగలుగుచున్నాము.

ఓడవారి రెండవ వృత్తి ముత్యములు. వేసవి నాలుగు నెలలును ముక్కునకు చిమటా బిగించి, కాలికి రాయి కట్టుకొని, మునుగువాడు అడుగునకు పోయి చిప్పలు ఏరుకొని వచ్చెడివాడు. పోకముందే కుటుంబపోషణకై ఓడ యజమానుని యొద్ద బయానా పుచ్చుకొనవలెను. ముత్యములు దొరకని యేడు అప్పు మరుసటి యేటికి సాగును. తండ్రి చనిపోయినచో కొడుకు నెత్తికెక్కును. 1930 దశాబ్దమున జపానువారి పెంపుడు ముత్యములు విపణిని ముంచెత్తుటతో ఆ వృత్తియే కూలిపోయెను. ఈ సంగతి మార్గదర్శకుడు చెప్పుచుండగా, పదునేడేండ్లుగా అచ్చట ఇంటిపని చేయుచున్న మా వదినె, "ఇది మన వీసా అప్పు వంటిదే గదా!" అనెను. నాకు వేరుగా వ్యాఖ్యానింప నవసరము లేకపోయెను.

ఇంకొక ముచ్చట. 1961వరకు కువైటులో చెల్లిన నాణెము మన రూపాయియే. 1959లో మన రిజర్వు బ్యాంకు ఆ తీరదేశములకొరకు వేరు రూపాయినోట్లు ముద్రించెను. 1961లో దీనారు పుట్టినపుడు దానికి పదుమూడు రూపాయలును, రూపాయిలో మూడవవంతును వెల. నేడు ఆ వెల యిరువదిరెట్లు దాటినది.

ఇక ఫైలకా ద్వీపము. నగరమునుండి సుమారు ఇరువది కిలోమీటర్ల దూరమున సముద్రములో నున్నది. పడవపై సుమారొక గంట ప్రయాణము. ప్రదర్శనశాలలో నేను చూచిన వానిలో మిక్కిలి విలువైనవి యీ ద్వీపపు మట్టిలోనివే. 1958 మొదలు 1963 వరకు డెన్మార్కు పండితులు గ్లాబ్, బిబ్బీ అనువారు ఇచ్చట త్రవ్వించిరి. బయల్పడినది సుమారు క్రీ.పూ. 2000 నాటి దిల్మును నాగరకత. ఇండ్ల పునాదులు, దేవాలయము, అన్నింటికంటె ముఖ్యముగా ముద్రలు, వందలకొలది దొరకినవి. బలపపురాతితో చేసిన గుండ్రని బిళ్లలవి, రూపాయిబిళ్ల యంతటివి. వెనుకవైపు ఉబ్బెత్తుగా నుండి, మూడు గీతలును, నాలుగు చుక్కల చక్రములును కలిగియుండును. ముందువైపున మేకలు, జింకలు, ఎద్దులు, కూర్చున్న మనుష్యులు. కళ్లములో ధాన్యపురాశిమీద తడిమట్టితో మనవారు పూర్వము ముద్ర వేసెడివారు గదా? ఇదియు నట్టిదే. మూటకట్టి, ముడిమీద మట్టి మెత్తి, ముద్ర గ్రుద్దినచో సరకెవరిదో తెలియును; నడుమ నెవడైన విప్పినను తెలియును.

దిల్మును వర్తకులు ఇరాకు పట్టణములకు రాగి మోసినట్లు మట్టిపలకలమీది వ్రాతలు చెప్పుచున్నవి. అంతకు మునుపే, క్రీ.పూ. 24వ శతాబ్దమువాడగు సర్గోను రాజు తన రేవున దిల్మును, మగాను, మెలుహా దేశముల యోడలు నిలిచినవని శాసనమున చెప్పుకొనెను. మెలుహా యనగా సింధునదీ ప్రాంతమని పెక్కురు పండితుల నిర్ణయము. మనవారు కూలికై ఆ సముద్రము దాటుట క్రొత్త కావచ్చును గాని, ఈ దేశపు సరకులు దాటుట క్రొత్త గాదు.

అదే ద్వీపమున గ్రీకులును కాపురముండిరి. 1937లో దొరకిన యొక శిలపై ఏథెన్సువాడగు సోతెలిస్ తన సైనికులతో కూడి జ్యూసు, పొసీడాను, ఆర్టెమిసు దేవతలకు చేసిన సమర్పణము గ్రీకులిపిలో నున్నది. మన కలమళ్ల గుడిలోని రేనాటి ధనుంజయుని శాసనము సుమారు క్రీ.శ. 575 నాటిది, ఈ శిల దానికంటె ఎనిమిదివందల యేండ్లు పెద్దది కావచ్చును. అలెగ్జాండరు ఈ దీవికి ఇకారస్ అని పేరు పెట్టించెనని అరియన్ అను చరిత్రకారుడు వ్రాసెను. వారి కోటగోడలును, చిన్న గుడియు నేటికిని పునాదులతో కానవచ్చును. గుడికంబముల తల గ్రీకురీతి, పాదము పారశీకరీతి. దీవి నడుమ అల్-ఖుసూర్ అనుచోట క్రైస్తవుల ఆరామమును, చర్చియు బయల్పడినవి. సముద్రపుటొడ్డున పూర్వము ఖిద్ర్ ప్రవక్త పేర నొక చిన్న మందిర ముండెను. స్త్రీలు మ్రొక్కులకై వచ్చెడివారు. దానిని తరువాత పడగొట్టిరి.

ఇన్ని జాతులు నివసించిన దీవిలో నేడు ఊరు లేదు. 1990లో ఇరాకు సైనికులు జనులను వెడలగొట్టి మందుపాతరలు పాతిరి. యుద్ధము ముగిసిన పిదప పాతరలు తీసిరి గాని, ఊరు మరల నిండలేదు. గుండ్లదెబ్బలు తిన్న బడియు, బ్యాంకును, తలుపులు లేని యిండ్లును వరుసగా నిలిచియున్నవి. గండికోట జలాశయపు ముంపున ఊళ్లు విడిచిన మనవా రీ యిండ్లను చూచినచో ఎక్కువసేపు నిలువజాలరు. నాలుగువేల యేండ్ల గోడలకు కంచె కట్టి కాపాడుచున్నారు. ముప్పదియైదేండ్ల గోడలు గాలికి రాలుచున్నవి. నాకిది వింతగా తోచెను.

ఈ దీవిని చూచుటకు మా వదినెకు అదియే మొదటిసారి. ఇంటిపనివారికి వారమున కొకదినము సెలవీయవలెనని 2015 నాటి 68వ చట్టము విధించినది. ఆచరణము ఇంటింటికిని వేరు.

చివరకు అస్-సబియ్య. 2019లో తెరచిన షేక్ జాబిర్ వంతెనమీదుగా, సుమారు ముప్పదియారు కిలోమీటర్లు సముద్రముపై పోవలెను. ఆవలియొడ్డున చూడ తగినంత యేమియు కానరాదు; గొర్రెలదొడ్డి గోడ యెత్తును లేని రాతిపునాదులు మాత్రమే. కాని బ్రిటిషు పండితులు ఇచ్చటనే ఏడువేల యేండ్లనాటి పడవ తునుకలను త్రవ్వి తీసిరి. రెల్లుకట్టలతో పడవ కట్టి, నీరు చొరకుండ తారు పూసిరి. రెల్లు చివికిపోయెను, తారు పెచ్చులు మిగిలినవి. వానిలో ఒకవైపున రెల్లుకట్టల గుర్తులు, రెండవవైపున ఓడల యడుగున పట్టుకొని పెరుగు చిన్న గుల్లలు. అనగా ఆ పడవ సముద్రముమీద తిరిగినదే. సముద్రమున నడచిన పడవ లోకమున నింతకంటె పాతది దొరకలేదని ఆ పండితులు చెప్పిరి. ఆ తారు ఎక్కడిదని రసాయనపరీక్ష చేయగా, దక్షిణమున నున్న బుర్గాను గుట్టదని తేలినది. 1938లో కువైటువారికి నూనె దొరకినది ఆ బుర్గానులోనే.