జీవపదార్థములు - టెరాహెర్ట్జు తరంగములు

నా పలుకులను మీ యిండ్లకు చేర్చు రేడియో తరంగములును, పొయ్యినుండి మన చేతికి తగులు వేడిమి కిరణములును ఒక్క జాతివే. ఈ రెంటికిని నడుమ సెకనుకు లక్షకోట్లమారులు స్పందించు తరంగములు కలవు. వీనిని టెరాహెర్ట్జు తరంగము లందురు. ఒక్కొక్కదాని నిడివి మిల్లీమీటరులో సుమారు మూడవ వంతు. వీనితో జీవపదార్థములను పరీక్షించు విధమును గూర్చి నేడు మీకు మనవి చేసెదను.

ఈ సీమ పొలిమేరలలో మన దేశమువారును పూర్వమే కృషి చేసియుండిరి. కలకత్తాలో జగదీశచంద్ర బోసుగారు ఇంతకంటె కొంత నిడుపైన తరంగములను మెలిపెట్టిన జనపనార కట్టలగుండ పంపి, మెలికను బట్టి తరంగముయొక్క కంపనతలము మరలునని 1898లో ప్రకటించిరి.

నేటి పద్ధతి యిట్టిది. లేజరు మెరుపు నొకదానిని రెండు పాయలుగా చీల్తురు. ఒక పాయ టెరాహెర్ట్జు తరంగమును పుట్టించును. అది వస్తువును దాటి వచ్చినపుడు రెండవ పాయ దాని రూపమును కొలుచును. వస్తువు లేనపుడు వచ్చిన తరంగముతో దీనిని సరిపోల్చినచో, ఏ స్పందనము లెంత హరించినవో తెలియును. పాలలోని చక్కెర పొడిని పరీక్షించిన 0.53 టెరాహెర్ట్జుల కడ స్పష్టమైన లోటు కనబడును. స్ఫటికమందు వరుసగా నిలిచిన అణువులు కలసి ఊగుటయే దీనికి కారణము. ఆ చక్కెరనే నీట కరగించినచో వరుస చెదరి, ఆ గుర్తు మాసిపోవును.

చిక్కంతయు ఈ నీటితోనే. నీటిలో మిల్లీమీటరున పదియవ వంతు పోవునప్పటికే ఈ తరంగపు బలము పదింట తొమ్మిది పాళ్లు హరించును. కావున శరీరములోని అవయవములను వీనితో చూడజాలము. అయినను నీటిని ఇంతగా పసిగట్టు సాధనము మరియొక విధమున ఉపకరించినది. 1995లో అమెరికాయందు బెల్ పరిశోధనాలయమువారు అప్పుడే త్రుంచిన ఆకును, రెండు దినముల పిదప అదే ఆకును చిత్రించి, ఏ భాగమున తడి యెంత ఆరినదో చూపిరి. మొక్కను కోయకయే దాని దాహము నెరుగుటకు ఇది మార్గమైనది.

చర్మపు పుట్టకురుపు, అనగా క్యాన్సరు, ఎంతవరకు వ్యాపించినదో గుర్తించుటకును ఇట్టి ప్రయత్నములు జరిగినవి. వ్యాధిగల భాగమున తరచుగా నీరు హెచ్చుగా నుండును. ఈ తరంగముల శక్తికణము ఎక్స్-కిరణపు కణములో కోటియవ వంతు మాత్రమే గనుక, అది అణువులను చీల్చదు. కాని వాపువలనను నీరు హెచ్చును. అందుచే ఈ చిత్రము శస్త్రవైద్యునికి కత్తి ఎంతవరకు సాగవలెనో సూచింపవచ్చును గాని, వ్యాధిని నిర్ణయించుటకు సూక్ష్మదర్శిని క్రింద కండను చూడక తప్పదని నా మనవి.